గాజు చెప్పు, వెండితెర: సిండ్రెల్లా కథకు సినిమా రూపాలు

సినిమా పుట్టిన నాలుగైదేళ్లకే తెరకెక్కి, ఈనాటికీ కొత్త రూపాల్లో వస్తూనే ఉన్న జానపద కథ సిండ్రెల్లా. తల్లిని పోగొట్టుకున్న పిల్ల, సవతి తల్లి పెట్టే ఆరళ్లు, పొయ్యి దగ్గరి బూడిద, ఒక్క రాత్రి రాజుగారింట విందు, హడావిడిలో జారిపోయిన చెప్పు, ఆ చెప్పు పట్టుకుని ఊరూరా తిరిగే రాకుమారుడు. ఇదీ కథ. మూకీ చిత్రాల నుంచి కార్టూన్ల దాకా, సంగీత నాటకాల నుంచి భయానక చిత్రాల దాకా దీన్ని ముట్టుకోని సినిమా రకం లేదు. కథ ఎవరి సొత్తూ కాకపోవడం ఇందుకు ఒక కారణం. హక్కులు కొనాల్సిన పని లేదు, ఎవరైనా తీసుకోవచ్చు. ప్రేక్షకులకు కథ ముందే తెలిసి ఉండటం రెండో కారణం. తెలిసిన కథను దర్శకుడు ఎక్కడ మలుపు తిప్పుతాడో చూడటంలోనే వారికి ఆసక్తి.

ఈ చిత్రాలన్నింటినీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక సంగతి తెలుస్తుంది. గుమ్మడికాయ బండి ఉండొచ్చు, లేకపోవచ్చు. దేవత రావచ్చు, రాకపోవచ్చు. చెప్పు సరిపోయే ఘట్టాన్ని మాత్రం దాదాపు ఎవరూ వదులుకోలేదు. ఆ ఘట్టంలో ఆ అమ్మాయి చేత ఏం చేయించారన్న దాన్ని బట్టి ఆ సినిమా ఏ కాలానిదో, ఆడపిల్ల నుంచి ఆ కాలం ఏం ఆశించిందో చెప్పేయవచ్చు.

కథ మూలాలు

చెప్పు ద్వారా రాజు భార్యను వెతుక్కోవడమన్నది చాలా పాత ఊహ. గ్రీకు భౌగోళికుడు స్ట్రాబో చెప్పిన రోడోపిస్ కథలో ఒక గద్ద ఆమె చెప్పును ఎత్తుకుపోయి ఈజిప్టు రాజు ఒడిలో పడేస్తుంది. 9వ శతాబ్దపు చైనా రచయిత డ్వాన్ చెంగ్‌షీ రాసిపెట్టిన యె షియెన్ కథలో చేప ఎముకలు కోరిన కోరికలు తీరుస్తాయి, జారిపోయేది బంగారు చెప్పు.

యూరప్‌లో ఈ కథకు మూడు ముఖ్యమైన పాఠాలున్నాయి. ఇటలీలో నేపుల్స్ ప్రాంతం వాడైన జాంబట్టిస్టా బసీలే రాసిన పాఠం ఆయన మరణించాక, 1630లలో అచ్చయింది. అందులోని జెజొల్లా అమాయకురాలేమీ కాదు. పంతులమ్మ మాట విని, పెట్టె మూత పడేసి మొదటి సవతి తల్లిని చంపుతుంది. చివర్లో చెప్పు తనంతట తానే, అయస్కాంతం వైపు ఇనుము దూకినట్టు, ఆమె కాలి వైపు ఎగురుతుంది. ఫ్రాన్స్‌లో షార్ల్ పెరో 1697లో ఈ కథను రాజాస్థానపు మర్యాదకు తగ్గట్టు సున్నితంగా మలిచాడు. గుమ్మడికాయ బండి, అర్ధరాత్రి గడువు, గాజు చెప్పు, దేవత లాంటి పెద్దమ్మ ఆయన పాఠంలోవే. సవతి అక్కలను క్షమించి, వాళ్లకూ మంచి సంబంధాలు చూసేది కూడా పెరో నాయికే. జర్మనీలో గ్రిమ్ సోదరులు 1812లో అచ్చువేసిన పాఠంలో దేవత ఉండదు. తల్లి సమాధి మీద పెరిగిన చెట్టే బిడ్డకు బట్టలిస్తుంది. సవతి అక్కలు చెప్పులో కాలు పట్టించడానికి ఒకతె బొటనవేలు, మరొకతె మడమ కోసుకుంటారు. పావురాలు వాళ్ల కళ్లు పొడిచే శిక్ష 1819 నాటి రెండో ముద్రణలో వచ్చి చేరింది.

గాజు చెప్పు మీద పెద్ద వాదమే నడిచింది. ఫ్రెంచిలో గాజుకూ, ఒక రకం బొచ్చుకూ ఉచ్చారణ ఒకటే కావడంతో, పెరో విన్నది బొచ్చు చెప్పేననీ, పొరబాటున గాజు అని రాశాడనీ కొందరన్నారు. నవలాకారుడు బాల్జాక్ కూడా బొచ్చు వైపే మాట్లాడాడు. నేటి జానపద పరిశోధకుల్లో ఎక్కువమంది మాత్రం గాజు పెరో కావాలనే పెట్టినదంటారు. వంగని, సాగని చెప్పు ఒక్క కాలికే సరిపోతుంది. కథకు కావలసిందీ అదే.

పేరులోనూ బూడిద ఉంది. ఫ్రెంచి సాంద్రియోన్, జర్మన్ అషెన్‌పుటెల్, ఇటాలియన్ చెనెరెంతోలా, చెక్ పొపెల్కా, అన్నింటికీ మూలం బూడిద అనే మాటే. 1893లో మేరియన్ రోల్ఫ్ కాక్స్ ఈ కథకు 345 రూపాలు సేకరించి గ్రంథంగా వేసింది. జానపద కథల అంతర్జాతీయ సూచికలో దీని సంఖ్య 510ఎ.

దక్షిణ భారతంలోనూ ఈ కథకు చుట్టాలున్నారు. ఎ.కె. రామానుజన్ కన్నడ కథ ‘హంచి’ని సిండ్రెల్లా కుటుంబంలో చేర్చి వ్యాసం రాశారు. అలెన్ డండెస్ 1982లో వెలువరించిన సిండ్రెల్లా వ్యాస సంపుటిలో అది ఉంది. కన్నడలో హంచు అంటే మన పెంకు. ఆ అమ్మాయి మట్టి ముసుగు తొడుక్కుని, అందం దాచుకుని, షావుకారు ఇంట వంటపనికి కుదురుకుంటుంది. అక్కడ బూడిద ముఖం, ఇక్కడ మట్టి ముఖం.

తొలి చిత్రాలు

ఫ్రెంచి మాయగాడు జార్జ్ మేలియెస్ 1899లో తీసిన సిండ్రెల్లా నిడివి దాదాపు ఆరు నిమిషాలు. ఒకే దృశ్యంతో సినిమాలు ముగిసిపోయే ఆ రోజుల్లో ఆయన ఇరవై దాకా దృశ్యాలు పేర్చి, ఒక దృశ్యం మసకబారుతుండగా మరొకటి తేలివచ్చేలా కలిపాడు. అర్ధరాత్రి గడువు ఆయన్ని బాగా పట్టుకున్నట్టుంది. ఇంటికి తిరిగొచ్చిన సిండ్రెల్లా చుట్టూ గడియారాలు ప్రాణం పోసుకుని గెంతుతాయి. ఈ చిత్రం ఫ్రాన్స్‌లోనూ బయటా బాగా ఆడింది. 1912లో ఆయన ఇదే కథను మళ్లీ తీశాడు.

అమెరికాలో 1914లో మేరీ పిక్‌ఫర్డ్ సిండ్రెల్లాగా నటించింది. 1922లో ఇద్దరు యువ కళాకారులు, ఒకరినొకరు ఎరగకుండానే, ఈ కథను చేతిలోకి తీసుకున్నారు. కాన్సస్ సిటీలో అప్పుడప్పుడే స్టూడియో పెట్టుకున్న వాల్ట్ డిస్నీ ఒక చిన్న కార్టూన్ తీశాడు. జర్మనీలో లోట్టె రైనిగర్ నల్ల కాగితాన్ని కత్తెరతో కత్తిరించి, కీళ్లు బిగించి, వెనక నుంచి వెలుగు పెట్టి నీడబొమ్మల చిత్రం చేసింది. తోలుబొమ్మలాట చూసిన తెలుగువారికి ఈ పద్ధతి కొత్త అనిపించదు. రైనిగర్ ఎంచుకున్నది గ్రిమ్ పాఠం. కాలు కోసుకునే ఘట్టాన్ని ఆమె దాటవేయలేదు.

1926 నాటి ‘ఎల్లా సిండర్స్’లో రాజమందిరం స్థానంలో హాలీవుడ్ వచ్చింది. పల్లెటూరి పిల్ల పోటీలో గెలిచి సినిమాల్లో చేరడానికి బయల్దేరుతుంది. కథను సమకాలీన జీవితంలోకి దింపడం ఇవాళ్టి ఫ్యాషనేమీ కాదని ఈ చిత్రం చెబుతుంది.

1950: డిస్నీ ముద్ర

సిండ్రెల్లా అనగానే లోకానికి ఇప్పుడు కళ్లముందు కనిపించేది డిస్నీ సంస్థ 1950లో విడుదల చేసిన కార్టూన్ చిత్రమే. రెండో ప్రపంచ యుద్ధం ఆ సంస్థను అప్పుల్లోకి నెట్టింది. 1942 నాటి ‘బాంబి’ తర్వాత ఒకే కథతో సాగే పూర్తి నిడివి కార్టూన్ తీయడానికి చేతులాడలేదు. చిన్న చిన్న ముక్కలను కలిపి సినిమాలుగా వదులుతూ కాలం గడిపింది. సిండ్రెల్లా విజయంతో సంస్థ నిలదొక్కుకుంది.

ఖర్చు తగ్గించుకోవడానికి చాలా ఘట్టాలను ముందు నటులతో చిత్రీకరించి, ఆ కదలికలు చూసుకుంటూ బొమ్మలు గీశారు. సిండ్రెల్లా కదలికలకు హెలీన్ స్టాన్లీ, గొంతుకు ఐలీన్ వుడ్స్. కథ చిన్నది కాబట్టి నిడివి నింపడానికి జాక్, గస్ అనే ఎలుకలనూ, లూసిఫర్ అనే పిల్లినీ సృష్టించారు. సినిమాలో సగం ఉత్సాహం వాటిదే. చిరిగిన బట్టలు వెండిమెరుపు గౌనుగా మారే ఆ కొద్ది క్షణాలు కార్టూన్ చరిత్రలో ఎక్కువగా చెప్పుకునే ఘట్టాల్లో ఒకటి. మిణుగురుల్లాంటి మెరుపులు ఆమె చుట్టూ సుడి తిరుగుతాయి, అవి సాగిన మేరా బట్ట మారిపోతూ ఉంటుంది.

చెప్పు ఘట్టంలో డిస్నీ బృందం కొత్త మలుపు తెచ్చింది. గదిలో పెట్టి తాళం వేసిన సిండ్రెల్లాను ఎలుకలు విడిపిస్తాయి. ఆమె మెట్లు దిగి వచ్చేసరికి సవతి తల్లి చేతికర్ర అడ్డుపెట్టి బంటును పడేస్తుంది. గాజు చెప్పు నేల మీద ముక్కలవుతుంది. అంతా అయిపోయిందనుకునే వేళ, సిండ్రెల్లా తొణక్కుండా జేబులోంచి రెండో చెప్పు తీస్తుంది. ఓపిక పడితే ఫలితం దక్కుతుందన్నది ఈ సినిమా ధోరణి అని విమర్శకులు అంటూనే ఉన్నారు. ఆ రెండో చెప్పును దాచుకున్న ముందుచూపు మాత్రం ఆమెదే.

మంచు దేశాల సిండ్రెల్లాలు

డిస్నీ కన్నా మూడేళ్ల ముందే, 1947లో, లెనిన్‌గ్రాడ్‌లోని లెన్‌ఫిల్మ్ స్టూడియో ‘జొలుష్కా’ తీసింది. నదేజ్దా కొషెవెరోవా, మిఖాయిల్ షపీరో దర్శకులు, నాటక రచయిత యెవ్‌గెనీ ష్వార్ట్స్ రచన. యుద్ధంలో 800 రోజులకు పైగా ముట్టడిని అనుభవించిన ఊరు అది. ఆకలి చావులు చూసిన ఆ ఊరి నుంచే ఇంత తేటైన సినిమా రావడం ఇప్పటికీ ఆశ్చర్యం కలిగిస్తుంది. పదహారేళ్ల పిల్లగా కనిపించే యనీనా జేమోకు అప్పటికి సుమారు 37 ఏళ్లు. ఫైనా రనెవ్‌స్కయా వేసిన సవతి తల్లి పాత్ర రష్యన్ ప్రేక్షకులకు కంఠోపాఠం.

ఇందులో గాజు చెప్పులు దేవత ఇవ్వదు. ఆమె దగ్గర మంత్రవిద్య నేర్చుకుంటున్న చిన్న కుర్రాడు, స్నేహం కొద్దీ తనకొచ్చినంతలో సృష్టించి ఇస్తాడు. చెప్పు పరీక్షకొస్తే, ఇంత బాధపెట్టే రూపం మరే సినిమాలోనూ లేదు. కూతురి కాలు చెప్పులో పట్టదు. సవతి తల్లి సిండ్రెల్లాను పిలిచి, ఆ చెప్పు తన కూతురికి తొడగమంటుంది, లేదంటే తండ్రిని ఇంట్లోంచి వెళ్లగొడతానంటుంది. తండ్రి కోసం ఆ పిల్ల తన చెప్పును తానే అక్క కాలికి తొడుగుతుంది.

1973లో చెకోస్లోవేకియా, తూర్పు జర్మనీ కలిసి తీసిన ‘సిండ్రెల్లాకు మూడు కాయలు’ దారి వేరు. బొజెనా నెమ్‌సొవా పాఠం దీనికి ఆధారం, వాత్‌స్లావ్ వొర్లీచెక్ దర్శకుడు. స్క్రిప్టు రాసిన ఫ్రాంతిషెక్ పావ్లీచెక్ మీద అప్పటి ప్రభుత్వ నిషేధం ఉండటంతో తెర మీద వేరొకరి పేరు వేయాల్సి వచ్చింది. దుస్తులు రూపొందించిన థియోడోర్ పిష్టెక్ తర్వాతి కాలంలో ‘అమేడియస్’కు ఆస్కార్ అందుకున్నాడు. ఎండాకాలంలో తీద్దామనుకున్న సినిమా జర్మన్ స్టూడియో వీలును బట్టి చలికాలానికి మారింది. ఆ మంచే చిత్రానికి ప్రాణమైంది.

లిబుషె షఫ్రాన్‌కొవా వేసిన ఈ పొపెల్కా గుర్రమెక్కి రాకుమారుణ్ని వెనక వదిలేస్తుంది. వేటగాడి వేషంలో విలువిద్యలో అతన్ని మించుతుంది. దేవత లేదు, మూడు చిన్న కాయల్లో మూడు జతల బట్టలున్నాయి. విందులో రాకుమారుడు ఎవరివని అడిగితే పేరు చెప్పదు, పొడుపుకథ వేస్తుంది. మసిముఖం పిల్ల, వేటగాడు, పట్టుబట్టల సుందరి ముగ్గురూ ఒక్కరేనని అతనే విప్పుకోవాలి. అంటే ఇక్కడ పరీక్ష కాలికి కాదు, రాకుమారుడి తెలివికి.

ఆమె చెప్పు విడిచిపోయిన మెట్లు డ్రెస్డెన్ దగ్గరి మోరిట్స్‌బుర్గ్ కోటవి. ఇప్పుడు ఆ మెట్ల మీద ఒక కంచు చెప్పు బిగించి ఉంది. చూడవచ్చిన వాళ్లు తమ కాలు అందులో పెట్టి సరిచూసుకుంటారు. చెక్, జర్మనీ టీవీల్లో ఈ సినిమా లేని క్రిస్మస్ ఉండదు. నార్వేలోనైతే క్రిస్మస్ ముందు రోజు పొద్దున్నే వేస్తారు. అన్ని పాత్రలకూ, ఆడవాళ్లకు కూడా, క్నుట్ రిసాన్ ఒక్కరే గొంతు ఇచ్చిన పాత అనువాదమే అక్కడి వాళ్లకు కావాలి. ఆ అభిమానంతోనే నార్వే 2021లో ఈ సినిమాను మళ్లీ తీసుకుంది.

పాటల సిండ్రెల్లా

రిచర్డ్ రోజర్స్, ఆస్కార్ హామర్‌స్టైన్ జంట టీవీ కోసమే రాసిన సంగీత రూపకం 1957 మార్చి 31న జూలీ ఆండ్రూస్ నాయికగా ప్రత్యక్ష ప్రసారమైంది. అమెరికాలో 10 కోట్ల మందికి పైగా చూశారు. రంగుల్లో వెళ్లిన ఆ ప్రసారానికి ఇవాళ మిగిలింది నలుపు తెలుపు రికార్డు మాత్రమే.

ఇదే రూపకం 1997లో కొత్తగా తీసినప్పుడు నటవర్గంలో పెద్ద మార్పు వచ్చింది. గాయని బ్రాందీ సిండ్రెల్లా, విట్నీ హ్యూస్టన్ దేవత. రాణిగా హూపీ గోల్డ్‌బర్గ్, రాజుగా తెల్లజాతి నటుడు విక్టర్ గార్బర్, వాళ్ల కొడుకుగా ఫిలిప్పీన్స్ మూలాలున్న పావొలో మొంటాల్బాన్ నటించారు. ఎందుకలా అని కథలో ఎవరూ సంజాయిషీ ఇవ్వరు. ఆ రాజ్యంలో అది మామూలే. నల్లటి సన్నజడలతో తెర మీద రాకుమారి కనిపించడం ఆ తరం నల్లజాతి బాలికలకు ఎంత పెద్ద సంగతో, పెరిగి పెద్దయ్యాక వాళ్లే రాశారు, చెప్పారు. మొదటిసారి ప్రసారమైనప్పుడు దాదాపు 6 కోట్ల మంది చూశారు.

స్టీఫెన్ సాండ్‌హైమ్, జేమ్స్ లపైన్‌ల 1987 నాటి రంగస్థల రూపకం ఆధారంగా రాబ్ మార్షల్ తీసిన ‘ఇంటూ ద వుడ్స్’ 2014లో విడుదలైంది. గ్రిమ్ కథలోలాగే ఇందులో రాకుమారుడు మెట్లకు తారు పూయిస్తాడు. తారులో కాళ్లు అతుక్కుని నిలబడిపోయిన సిండ్రెల్లా అక్కడే ఆలోచనలో పడుతుంది. దొరికిపోవాలా, పారిపోవాలా? ఎటూ తేల్చుకోలేక, తేల్చుకునే పని అతనికే వదిలేస్తూ కావాలనే ఒక చెప్పు అక్కడ వదిలి వెళ్తుంది. పొరబాటున జారిన చెప్పు ఇక్కడ ఆలోచించి వదిలిన చెప్పయింది. పెళ్లయ్యాక ఆ రాకుమారుడు పరాయి స్త్రీ వెంట పడితే, సిండ్రెల్లా కోటను వదిలేస్తుంది.

మాయ లేని సిండ్రెల్లా

1998 నాటి ‘ఎవర్ ఆఫ్టర్’ ఈ కథను 16వ శతాబ్దపు ఫ్రాన్స్‌లో పెట్టి, మంత్రమన్నది లేకుండా చెప్పింది. దర్శకుడు ఆండీ టెనెంట్. ఒక వృద్ధ ప్రభ్వి గ్రిమ్ సోదరులను పిలిపించి, మీరు రాసిన కథ మా ముత్తవ్వదేనంటూ అసలు సంగతి చెప్పడంతో సినిమా మొదలవుతుంది. డ్రూ బ్యారీమోర్ వేసిన డానియెల్ చదువరి. తండ్రి చివరిగా ఇచ్చిన థామస్ మోర్ పుస్తకం ‘యుటోపియా’ను ప్రాణంగా చూసుకుంటుంది. అంజెలికా హ్యూస్టన్ వేసిన సవతి తల్లి ఒట్టి రాక్షసి కాదు. ఒక క్షణం ఆమెలో ప్రేమ తొంగిచూసి, వెంటనే మూసుకుపోతుంది.

దేవత పని ఇక్కడ లియొనార్డో డావిన్సీ చేస్తాడు. తాళం వేసిన తలుపు వెనక డానియెల్ చిక్కుకుంటే, అతను తాళం జోలికి పోడు. తలుపు బందుల మేకులు ఊడదీసి తలుపునే పక్కకు తీసేస్తాడు. ఇంకోచోట, దారికాచిన దేశదిమ్మరుల నాయకుడు, నువ్వు మోయగలిగినంత తీసుకుని వెళ్లమంటే డానియెల్ రాకుమారుణ్ని భుజాన వేసుకుని నడక మొదలుపెడుతుంది.

చివర్లో సవతి తల్లి ఆమెను ఒక దుర్మార్గుడికి అమ్మేస్తుంది. రాకుమారుడు కత్తి పట్టుకుని విడిపించడానికి పరుగున వస్తాడు. అతను వచ్చేసరికే ఆమె దుర్మార్గుడి కత్తితోనే అతన్ని లొంగదీసి బయటికి నడిచి వస్తూ ఉంటుంది. ఆ తర్వాతే చెప్పు. విడిపించే పని మిగల్లేదు కాబట్టి, ఆ చెప్పు పట్టుకుని మోకరిల్లిన రాకుమారుడికి మిగిలింది క్షమాపణ అడగడమే.

చెప్పు బదులు ఫోను

2004లో వచ్చిన ‘ఎ సిండ్రెల్లా స్టోరీ’లో రాజ్యం కాలిఫోర్నియాలోని ఒక హైస్కూలు. హిలరీ డఫ్ వేసిన శామ్, సవతి తల్లి నడిపే హోటల్లో బల్లలు తుడుస్తుంది. పేరు తెలియని కుర్రాడితో ఇంటర్నెట్‌లో కబుర్లాడుతుంది. ముసుగు డాన్సు రాత్రి గడువుకు పరుగెత్తుతూ ఆమె పోగొట్టుకునేది సెల్‌ఫోన్. 2008 నాటి తర్వాతి చిత్రంలో సెలీనా గోమెజ్ పోగొట్టుకునేది పాటలు వినే చిన్న యంత్రం. ఈ మార్పు సరదాగా కనిపించినా, కథకు ఒక మెలిక తెచ్చింది. చెప్పు కాలి కొలత చెబుతుంది, అంతే. ఫోనులో మనిషి మాటలూ గుట్టూ ఉంటాయి. ఇక వెతికేవాడికి కొలతతో పని లేదు, ఆ మాటలు ఎవరివో గుర్తుపట్టాలి.

2004లోనే వచ్చిన ‘ఎల్లా ఎన్‌చాంటెడ్’ గేల్ కార్సన్ లెవీన్ 1997 నవల నుంచి పుట్టింది. సిండ్రెల్లా ఎందుకంత అణిగిమణిగి ఉంటుందన్న ప్రశ్నకు నవల చెప్పిన జవాబు ముచ్చటైనది. పుట్టినప్పుడు ఒక దేవత ఆమెకు విధేయతను వరంగా ఇచ్చింది. ఎవరేం ఆజ్ఞాపించినా కాళ్లు చేతులు వాటంతటవే కదులుతాయి. సినిమాలో ఆన్ హాత్‌వే అద్దంలోని తన నీడకే ఆజ్ఞ ఇచ్చి ఆ శాపం తెంచుకుంటుంది.

సిండ్రెల్లా పేరు పెట్టుకోకుండా ఆ అచ్చులో పోసిన చిత్రాలు వేరే. 1990 నాటి ‘ప్రెటీ ఉమన్’ వాటిలో బాగా తెలిసినది. 2024లో షాన్ బేకర్ తీసిన ‘అనోరా’ ఆ అచ్చునే పగలగొట్టింది. న్యూయార్క్ క్లబ్బులో నాట్యం చేసే యువతి రష్యన్ కుబేరుడి కొడుకును పెళ్లాడుతుంది. గడియారం పన్నెండు కొట్టినట్టే అతని తల్లిదండ్రుల మనుషులు దిగుతారు, రాకుమారుడు పలాయనం చిత్తగిస్తాడు. కాన్ ఉత్సవంలో అత్యున్నత బహుమతితో పాటు ఐదు ఆస్కార్లు గెలిచిందీ చిత్రం.

2015: పాత కథకు తిరిగి

2010లో ‘ఆలిస్ ఇన్ వండర్‌లాండ్’ 100 కోట్ల డాలర్లు దాటి వసూలు చేశాక, డిస్నీ తన పాత కార్టూన్లను నటులతో మళ్లీ తీయడం వరుస పెట్టింది. కెనెత్ బ్రానా దర్శకత్వంలో లిలీ జేమ్స్, రిచర్డ్ మాడెన్, కేట్ బ్లాంచెట్ నటించిన 2015 సిండ్రెల్లా ఆ వరుసలోదే. ప్రపంచమంతటా 54 కోట్ల డాలర్లు తెచ్చింది. కథను తలకిందులు చేయడం ఫ్యాషనైన రోజుల్లో బ్రానా ఆ పని చేయకుండా, పాత కథనే నమ్మి తీశాడు.

ఈ చిత్రంలో దగ్గరికెళ్లి చూడదగ్గది శాండీ పావెల్ పనితనం. నీలం గౌను ఒక రంగు బట్ట కాదు. పల్చటి పొరలు ఒకదాని మీద ఒకటి, నీలం, లేత ఆకుపచ్చ, ఊదా ఛాయల్లో పరిచినవి. అందుకే నడుస్తుంటే గౌను నీటి రంగుల్లా మారుతూ కనిపిస్తుంది. చెప్పుకు ఆమె ఎంచుకున్న నమూనా ఇంగ్లాండులోని నార్తాంప్టన్ మ్యూజియంలో ఉన్న 1890ల నాటి పాత జోడు. స్వరోవ్‌స్కీ సంస్థ దాన్ని స్ఫటికంలో చెక్కింది. స్ఫటికం వంగదు కాబట్టి దాన్ని తొడుక్కుని అడుగు వేయడం కుదరదు. లిలీ జేమ్స్ తోలు చెప్పులతో నటించింది, తెర మీద వాటిని కంప్యూటర్‌తో స్ఫటికంగా మార్చారు. మూడు వందల ఏళ్ల నుంచి లోకం నమ్ముతున్న గాజు చెప్పు చివరికి చేతికొచ్చినా, అందులో ఎవరి కాలూ నడవలేదు.

ఇందులో సవతి తల్లి చెప్పును విరగ్గొట్టేది అందరి ముందూ కాదు, అటకమీది గదిలో సిండ్రెల్లా కళ్లెదుటే. తాళం పడిన ఆ గదిలో ఆమె బాధను దిగమింగుకుని పాడుకుంటూ ఉంటే, ఎలుకలు తెరిచిన కిటికీలోంచి పాట కిందికి చేరుతుంది. కాబట్టి ఆమెను పట్టిచ్చేది మొదట గొంతు, ఆ తర్వాతే కాలు. చెప్పు తొడుక్కునే ముందు ఆమె, అప్పటికి రాజైన రాకుమారుడికి తన సంగతి దాచకుండా చెబుతుంది. తల్లిదండ్రులు లేరు, కట్నం లేదు, రాకుమారిని కాను. ఇలాగే నన్ను స్వీకరిస్తావా అని అడిగి, జవాబు విన్నాకే కాలు చాపుతుంది.

2021లో కే కానన్ తీసిన మరో సిండ్రెల్లా ఇంకో అడుగు వేసింది. కరోనా వల్ల థియేటర్లు వదులుకుని అమెజాన్ ప్రైమ్‌లో విడుదలైన ఈ చిత్రంలో కమీలా కబేయో బట్టలు కుట్టే కళాకారిణి. తన పేరున దుకాణం పెట్టాలన్నది ఆమె కోరిక, రాణి కావాలన్నది కాదు. దేవత పాత్రను బిల్లీ పోర్టర్ వేశాడు.

నేపుల్స్, వియత్నాం

బసీలే కథ పుట్టిన నేపుల్స్‌కే దాన్ని తిరిగి తెచ్చిన చిత్రం 2017 నాటి ఇటాలియన్ కార్టూన్ ‘గట్టా చెనెరెంతోలా’. అలెస్సాండ్రో రాక్, మరో ముగ్గురు కలిసి దర్శకత్వం వహించారు. రేవులో ఆగిపోయిన పెద్ద ఓడలో కథ జరుగుతుంది. తండ్రి హత్య చూసిన మియా నోట మాట రాదు, ఊరి మీద నేరగాళ్ల ముఠా పెత్తనం సాగుతుంది. బసీలే పాఠంలోని క్రూరత్వాన్ని కప్పిపుచ్చకుండా పెద్దల కోసం తీసిన కార్టూన్ ఇది.

వియత్నాం వారి సిండ్రెల్లా పేరు తాం, సవతి చెల్లెలు కాం. చైనా కథలోలాగే ఇందులోనూ చేప ఎముకలున్నాయి. అక్కడి కథ పెళ్లితో ఆగదు. చంపేసిన తాం పక్షిగా, చెట్టుగా, పండుగా మళ్లీ మళ్లీ పుడుతుంది. చంపినా చావక చెట్టుగానో పువ్వుగానో తిరిగొచ్చే ఆడపిల్ల కథలు మన పల్లెల్లోనూ ఉన్నాయి కనుక తెలుగు పాఠకులకు ఈ భాగం దగ్గరగా అనిపిస్తుంది. ఙో థాన్ వాన్ 2016లో దీన్ని రాక్షసులు, యుద్ధాలు కలిపి భారీ చిత్రంగా తీసి, తానే సవతి తల్లి పాత్ర వేసింది.

సవతి అక్క వైపు నుంచి

నార్వే దర్శకురాలు ఎమిలీ బ్లిక్‌ఫెల్ట్ తొలి చిత్రం ‘ద అగ్లీ స్టెప్‌సిస్టర్’ 2025 జనవరిలో సన్‌డాన్స్ ఉత్సవంలో ప్రదర్శితమైంది. క్రిస్మస్ ముందు రోజు పొద్దున్న మూడు కాయల సిండ్రెల్లాను చూసి పెరిగే దేశం నుంచే, ఆ కథలో ఎవరూ పట్టించుకోని మనిషి గోడు వినిపించింది. లేయా మీరెన్ వేసిన ఎల్విరా దుర్మార్గురాలు కాదు. రాకుమారుడి కవితలు చదువుకుంటూ కలలుగనే పిల్ల. అందగత్తె కావాలని తల్లి పట్టుబడుతుంది. ముక్కును సుత్తి, ఉలితో సరిచేయిస్తుంది. కనురెప్పలకు వెంట్రుకలు కుట్టిస్తుంది. సన్నబడటానికి ఎల్విరా బద్దెపురుగు గుడ్డు మింగుతుంది.

చెప్పు ఘట్టానికి వచ్చేసరికి ఈ చిత్రం గ్రిమ్ సోదరుల దగ్గరికీ, రైనిగర్ కత్తెర దగ్గరికీ తిరిగి చేరుతుంది. చెప్పు సరిపోవడానికి ఎల్విరా తన కాలివేళ్లు తానే నరుక్కుంటుంది. తీరా చూస్తే ఆ చెప్పు రెండో కాలిది. తల్లి ఆమెకు మత్తిచ్చి, అసలు కాలి వేళ్లు కూడా నరుకుతుంది. అంత చేసినా చెప్పు దక్కదు. సిండ్రెల్లా తన దారిన కోటకు వెళ్లిపోతుంది.

ఇంతకాలం సవతి అక్కల కథ ఇక్కడితో ముగిసేది. పావురాలు కళ్లు పొడిచేవి, లేదంటే జనం నవ్వేవాళ్లు. బ్లిక్‌ఫెల్ట్ కెమెరా మాత్రం సిండ్రెల్లా వెంట కోటకు పోలేదు, ఆ ఇంట్లోనే ఉండిపోయింది. అన్నీ చూస్తూ మౌనంగా ఉన్న చెల్లెలు అల్మా వచ్చి, అక్క కడుపులోని పురుగును కక్కిస్తుంది. తల్లి నగలు మూటగట్టుకుంటుంది. నడవలేని ఎల్విరాను గుర్రమెక్కించుకుని, కోట ఉన్న వైపు కాకుండా, ఆ ఊరు దాటి బయటికి సాగిపోతుంది.